బనారసీదాసు – కచోరీల బాకీ

1586లో జౌన్‌పూరున శ్రీమాల జైన కుటుంబమున జన్మించిన బనారసీదాసు రత్నవర్తకుని కుమారుడు. తండ్రి ఇచ్చిన రత్నములు, నేయి, నూనె, వస్త్రములతో ఆగ్రా చేరి వ్యాపారము పెట్టెను. బొందున కట్టిన రత్నములు జారిపోయెను. గుడ్డలో దాచినవి ఎలుకలు ఈడ్చుకొనిపోయెను. చేత కాసు లేక, ఒక కచోరీల అంగడిలో నెలల తరబడి అరువుమీద తినెను. తన దైన్యమును దాచక చెప్పినను, ఆ పుణ్యాత్ముడు అరువు ఆపలేదు! రాత్రులు పదిమందికి మధుమాలతి, మృగావతి కావ్యములు చదివి వినిపించెడివాడు. పిదప బాకీ తీర్చెను.

వర్తకమున ఆయన పెద్దగా రాణింపలేదనియే చెప్పవలెను. కాని కొనకొండ్లవారని ప్రతీతిగల కుందకుందాచార్యుల సమయసారము ఆధారముగా 1636లో సమయసార నాటకమును హిందీలో రచించినది ఈయనయే. నరుని ఆయువు 110 ఏండ్లని లెక్కించి, 1641లో, తన 55వ యేట, అర్ధకథానకమను స్వీయచరిత్ర వ్రాసెను. అందు తన గుణములతోపాటు దోషములను, లాభములతోపాటు నష్టములను, ఆ కచోరీల అప్పును సైతము లెక్కచూపెను.