పరిహాక నాగలి: తే విటి ఓ రొంగోమాయి

న్యూజిలాండులో స్థిరపడిన మనం ముందుగా వినేది 1840 నాటి వైతాంగి ఒప్పందం పేరు. మావోరిల భూమి మావోరిలదేనని అందులో హామీ ఉంది. ఆ హామీ ఏమయిందో తెలియాలంటే తే విటి జీవితం తెలుసుకోవాలి.

ఉత్తర దీవి పశ్చిమ తీరాన, తరనాకి పర్వత ప్రాంతపు మావోరి నాయకుడాయన. అక్కడ భూమి అమ్మకం తగాదా 1860లో యుద్ధమయింది. తిరుగుబాటు నెపంతో 1865లో ప్రభుత్వం సుమారు 12 లక్షల ఎకరాలు జప్తు చేసింది. తిరగబడనివారి భూములూ అందులో పోయాయి. తే విటి, సహచరుడు తోహు కాకహి కలిసి పరిహాక గ్రామాన్ని నెలకొల్పారు. నిర్వాసితులు అక్కడ చేరి సేద్యం చేసుకున్నారు. ఆయుధం పట్టరాదన్నది ఊరి కట్టుబాటు.

జప్తులో కొంత మావోరిలకు విడిచిపెడతామని ప్రభుత్వం మాట ఇచ్చింది. కాని ఆ భాగం గుర్తించకుండానే 1878లో సర్వేకు దిగింది. తమ వాటా ముందు తేల్చమన్నదే తే విటి కోరిక. అది తేలకపోగా, 1879లో ఆయన మనుషులు వలసదారుల పొలాల్లో నాగళ్ళు కట్టి దున్నారు. పోలీసులు పట్టుకుంటే ఎదురు తిరగలేదు. వారి స్థానంలో మరికొందరు వచ్చి దున్నారు. వందలమంది జైళ్ళ పాలయ్యారు, ఎక్కువమంది విచారణ లేకుండానే.

1881 నవంబరు 5న సుమారు 1,600 మంది సాయుధులు పరిహాక మీదికి వచ్చారు. వారికి ఎదురు వచ్చింది పాటలు పాడే పిల్లలు, ఊరివారు కాల్చిన రొట్టెలు. అయినా ఇళ్ళు కూల్చారు, పంటలు పాడుచేశారు. తే విటిని, తోహును విచారణ లేకుండా 1883 వరకు నిర్బంధించారు. తిరిగి వచ్చి తే విటి ఊరిని మళ్ళీ నిలబెట్టారు. కాని మావోరిల పేర మిగిల్చిన భూములు సైతం పబ్లిక్ ట్రస్టీ చేతికి పోయి, 1892 చట్టంతో వలస రైతులకు శాశ్వత కౌలు అయ్యాయి. పేరు ఒకరిది, పంట ఒకరిది! 1907లో తే విటి కన్నుమూశారు.

ఈ కథ చదివితే మన పలనాటి కన్నెగంటి హనుమంతు గుర్తుకు వస్తారు. అడవిలో పశువుల మేతకు పుల్లరి కట్టమని 1922లో పోలీసు కాల్పులకు బలి అయ్యారాయన. నేలనూ అడవినీ నమ్ముకున్నవారిని అడగకుండా వాటి గతి తేల్చడమే రెండుచోట్లా జరిగిన అన్యాయం.

2017లో ప్రభుత్వం పరిహాకకు వెళ్ళి క్షమాపణ చెప్పింది. 2025లో తరనాకి పర్వతాన్ని చట్టరీత్యా ఒక వ్యక్తిగా గుర్తించి, దాని బాగోగులు చూసే సంఘంలో మావోరిలకూ చోటిచ్చింది. పోయిన పొలాల్లో అత్యధికం మాత్రం తిరిగి రాలేదు.

నవంబరు 5న ఇక్కడ బాణసంచా కాలుస్తారు. దీపావళి రోజుల్లో ఉండే మన పిల్లలకు అదీ ఒక పండుగే. ఆ రోజున పరిహాక పేరు కూడా వారికి చెబుదాం.