విద్యుత్ వారధి – డాక్టర్ కె.ఎల్. రావు

నదీజలాలను పొలాలకు మళ్ళించిన ఇంజనీరుగా డాక్టర్ కానూరి లక్ష్మణరావు తెలుగువారికి చిరపరిచితులు. నాగార్జునసాగర్ పేరు తలచినప్పుడు ఆయన పేరు స్ఫురించడం సహజం. అయితే వేర్వేరు రాష్ట్రాల విద్యుత్ వ్యవస్థలను కలిపే ప్రయత్నానికి పునాది పడిన దశాబ్దంలో కేంద్ర విద్యుచ్ఛక్తి శాఖను నిర్వహించినవారు కూడా ఆయనే అన్న విషయానికి అంతటి ప్రచారం లేదు. విద్యుత్ వాహనాలు వీధులలోకి వస్తున్న ఈ కాలంలో ఆయన జీవితంలోని ఈ పార్శ్వం ప్రత్యేకంగా తెలుసుకోదగినది.

లక్ష్మణరావు 1902 జూలై 15న కృష్ణాజిల్లా కంకిపాడులో ఒక మధ్యతరగతి కుటుంబంలో జన్మించారు. తొమ్మిదేళ్ళ ప్రాయంలోనే తండ్రిని కోల్పోయారు. పాఠశాలలో ఆడుకొంటుండగా తగిలిన దెబ్బవల్ల ఒక కంటి చూపు పోయింది. అయినా ఆయన చదువు ఆగలేదు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్, గిండీ ఇంజనీరింగు కళాశాలలో పట్టభద్రత పూర్తిచేశారు. మద్రాసు విశ్వవిద్యాలయం నుండి ఇంజనీరింగులో మాస్టర్ పట్టా పొందిన తొలి విద్యార్థి ఆయనే. 1939లో ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు అందుకొన్నారు. రంగూన్‌లోను, ఇంగ్లాండులోను అధ్యాపకులుగా పనిచేసి స్వదేశానికి తిరిగివచ్చారు.

మద్రాసు ప్రభుత్వంలో డిజైన్ ఇంజనీరుగా పనిచేసిన తరువాత 1950లో ఆయన ఢిల్లీ చేరారు. 1954లో కేంద్ర జలవిద్యుత్ సంఘంలో చీఫ్ ఇంజనీరు అయ్యారు. నాగార్జునసాగర్ రూపకల్పనలో ఆయన ప్రతిభ వెల్లడైంది. ఆ మహా నిర్మాణం ప్రధానంగా రాతికట్టడంగా సాగింది. వేలాది మంది కూలీల చేతులకు పని దొరికింది. 1962లో విజయవాడ నుండి లోక్‌సభకు ఎన్నికైన లక్ష్మణరావుకు మరుసటి సంవత్సరమే పద్మభూషణ్ పురస్కారం లభించింది. ఆ ఏడాదే కేంద్ర మంత్రివర్గంలో నీటిపారుదల, విద్యుచ్ఛక్తి శాఖల బాధ్యత స్వీకరించి సుమారు పదేళ్ళు నిర్వహించారు.

విద్యుత్తుకు ఒక విచిత్ర స్వభావం ఉంది. ధాన్యాన్ని గాదెలో పోసినట్లు దానిని పెద్దమొత్తంలో నిలవ చేయడం కష్టం. ఏ క్షణంలో ఎంత వాడకం ఉంటుందో ఆ క్షణంలో అంత ఉత్పత్తి జరగాలి. ఆ రోజులలో రాష్ట్రాల విద్యుత్ వ్యవస్థలు చాలావరకు దేనికదిగా ఉండేవి. వానలు లేక ఒకచోట జలాశయం అడుగంటితే, మరొకచోట మిగిలిన విద్యుత్తు అక్కడికి చేరడానికి దారి ఉండేది కాదు. ఆయన మంత్రిగా ఉన్న 1964లో దేశాన్ని ఐదు విద్యుత్ ప్రాంతాలుగా విభజించి ప్రాంతీయ విద్యుత్ మండళ్ళను ఏర్పాటు చేశారు. నీటి విద్యుత్తు, బొగ్గు విద్యుత్తు ఒకదానికొకటి ఆసరాగా నిలవాలన్నది ఈ కలయికలోని అంతరార్థం.

1965–66 కరువు మరొక పాఠం నేర్పింది. ఆహారధాన్యాల కొరత తీరాలంటే బావులకు పంపుసెట్లు కావాలి. పంపుసెట్లకు కరెంటు కావాలి. గ్రామీణ విద్యుదీకరణకు రుణాలిచ్చే సంస్థ 1969లో ఏర్పడింది. పల్లెపల్లెకు తీగలు సాగాయి. ఒక్కొక్క మోటారు చిన్నదే. కాని ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్నవన్నీ ఒకేసారి తిరిగితే అది కాలిపోతుంది, పైరు ఎండుతుంది. అందుకే ఎంత విద్యుత్తు కావాలన్నదే కాక, ఏ వేళ కావాలన్నది కూడా విద్యుత్ సంస్థలకు ప్రధాన ప్రశ్న అయింది.

గోదావరిలోయ బొగ్గుకు ఈ కథలో విశిష్ట స్థానముంది. సింగరేణి గనులు విస్తరించిన రామగుండంలో 62.5 మెగావాట్ల కేంద్రం 1971లో ప్రారంభమైంది. ఆయన పదవి నుండి తప్పుకొన్న తరువాత, 1978లో అక్కడే జాతీయ థర్మల్ విద్యుత్ సంస్థ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. 1983లో తొలి యూనిట్ మొదలై, క్రమంగా 2,600 మెగావాట్లకు పెరిగిన ఆ కేంద్రం దక్షిణాది రాష్ట్రాలకు విద్యుత్తును పంచింది. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు లైను ద్వారా దక్షిణ గ్రిడ్ మిగిలిన దేశంతో ఏకమైంది.

పంపుసెట్లు నాడు వేసిన ప్రశ్ననే విద్యుత్ వాహనాలు నేడు మళ్ళీ వేస్తున్నాయి. ఇంటివద్ద కారును ఛార్జి చేసే 3.3 కిలోవాట్ల సాధనం భారం, 5 అశ్వశక్తుల వ్యవసాయ మోటారు భారానికి దగ్గరగా ఉంటుంది. సాయంత్రం ఇంటికి చేరిన వారందరూ దీపాలు, ఏసీలు వేసుకొనే వేళకే బండ్లకు కూడా తీగ తగిలిస్తే వీధిలోని ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోలేదు. అదే ఛార్జింగు నడిరాత్రికో, ఎండ కాసే పగటికో మారితే ఉన్న తీగలే ఎక్కువ బండ్లకు సరిపోతాయి. సౌరవిద్యుత్తు లభించే వేళ తక్కువ ధర, రద్దీ వేళ ఎక్కువ ధర ఉండాలని 2023లో కేంద్రం నియమాలను సవరించింది ఇందుకే.

ఇందులో న్యాయానికి సంబంధించిన విషయం కూడా ఉంది. విద్యుత్ వాహనం వెళ్ళే నగరవీధిలో పొగ ఉండదు. కాని దాని బ్యాటరీని నింపిన విద్యుత్తు బొగ్గు నుండి వచ్చినదైతే పొగ రామగుండం చిమ్నీల నుండి వెలువడుతుంది. బూడిద ఆ పరిసరాలలోనే మిగులుతుంది. బొగ్గు తవ్వే శ్రమ గోదావరిఖని కార్మికునిది. అదే రామగుండంలో 2022 నాటికి జలాశయంపై 100 మెగావాట్ల తేలియాడే సౌరకేంద్రం పూర్తిస్థాయిలో పనిచేయడం మొదలైంది. పగటి వెలుగుతో బండ్లు నడిచినకొద్దీ ఆ ప్రాంతం మోసే బరువు కొంత తగ్గుతుంది.

గంగా–కావేరి అనుసంధానాన్ని ప్రతిపాదించి నదులన్నీ కలవాలని కాంక్షించిన లక్ష్మణరావు 1986 మే 18న మరణించారు. కృష్ణానదిపై నిర్మించిన పులిచింతల ప్రాజెక్టుకు ఆయన పేరు పెట్టారు. నదుల అనుసంధానం గురించి నేటికీ చర్చ సాగుతూనే ఉంది. విద్యుత్ తీగలు మాత్రం కలిశాయి. కలిసిన ఆ తీగలపై ప్రవహించే విద్యుత్తును ఏ వేళ, ఎంత వాడుకోవాలో నిర్ణయించుకొనే బాధ్యత నేటి తరానిది.