కంచరగాడిదల వెంట కొండెక్కిన ఖగోళ శాస్త్రజ్ఞుడు

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో పాసడీనా పట్టణానికి ఎగువన మౌంట్ విల్సన్ అనే కొండ ఉంది. ఎత్తు దాదాపు 1,740 మీటర్లు. 1904లో జార్జ్ ఎల్లరీ హేల్ అనే శాస్త్రజ్ఞుడు దానిపై ఒక వేధశాలను స్థాపించారు. 1908లో 60 అంగుళాల అద్దం గల టెలిస్కోపు, 1917లో 100 అంగుళాల హుకర్ టెలిస్కోపు అక్కడ వెలిశాయి. విశ్వం వ్యాకోచిస్తోందని చెప్పే బలమైన ఆధారాలు ఆ కొండ మీదే దొరికాయి. ఆ మాట రాగానే అందరూ ఎడ్విన్ హబుల్ పేరు చెబుతారు. ఆయనతో కలిసి పనిచేసిన మిల్టన్ హ్యూమసన్ పేరు నాకు డిగ్రీ పుస్తకాల్లో ఎక్కడా కనిపించలేదు. పీజీలో చేరాక లైబ్రరీలో చదివి తెలుసుకున్నాను. మన హాస్టల్ మిత్రులు తప్పక తెలుసుకోవలసిన మనిషి అనిపించింది.

హ్యూమసన్ 1891 ఆగస్టు 19న మిన్నెసోటా రాష్ట్రంలోని డాడ్జ్ సెంటర్ అనే చిన్న ఊరిలో జన్మించారు. తరువాత కుటుంబం కాలిఫోర్నియాకు తరలివచ్చింది. పద్నాలుగేళ్ల వయసులో మౌంట్ విల్సన్ మీద జరిగిన వేసవి శిబిరానికి వెళ్లారు. ఆ కొండ ఎంత నచ్చిందంటే, ఒక్క ఏడాది బడి మానేసి అక్కడే ఉంటానని ఇంట్లో వాళ్లను ఒప్పించారు. ఆ ఏడాది గడిచినా మళ్లీ బడి ముఖం చూడలేదు. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయింది.

కొండ మీది హోటల్లో సామాను మోసే పనిలో చేరారు. తరువాత కంచరగాడిదలను తోలే పని దొరికింది. వేధశాలకు కావలసిన కలప, సామగ్రి అన్నీ ఇరుకైన కొండదారిలో ఆ జంతువుల వీపుల మీదే పైకి చేరేవి. టెలిస్కోపులను చూడకముందే వాటి ఇంటికి సరుకులు మోసిన మనిషి ఆయన. వేధశాల ఇంజనీరు కూతురు హెలెన్ డౌడ్‌తో పరిచయమై 1911లో పెళ్లి చేసుకున్నారు. ఆ తరువాత కొండ దిగి కొంతకాలం తోటపని, వ్యవసాయ క్షేత్రంలో పని చేశారు. 1917లో వేధశాలలో ఊడ్చి తుడిచే ఉద్యోగం ఖాళీ అయిందని మామగారి ద్వారా తెలిసి అందులో చేరారు.

కొన్నాళ్లకే రాత్రి సహాయకుడిగా పనిచేసే అవకాశం వచ్చింది. గుమ్మటం తిప్పడం, టెలిస్కోపును సరిచేయడం, ఫోటో ప్లేట్లు కడగడం ఆ పనులు. హ్యూమసన్ చేతికి వచ్చిన ప్లేట్లు అందరివాటి కన్నా స్పష్టంగా ఉండేవి. సెత్ నికల్సన్ అనే శాస్త్రజ్ఞుడు ఆయనకు గణితం నేర్పారు. హార్లో షేప్లీ ఆయన నేర్పును గుర్తించి హేల్‌కు చెప్పారు. హేల్ ఆయనను శాస్త్రజ్ఞుల బృందంలోకి తీసుకున్నారు. అభ్యంతరాలు రాకపోలేదు. హైస్కూలు కూడా చదవలేదన్నది ఒకటి, ఇంజనీరుగారి అల్లుడన్నది ఇంకొకటి.

చదువు అక్కర్లేదనడానికి ఈ కథను ఉదాహరణగా చెప్పేవారు ఉంటారు. నాకు అలా అనిపించదు. ఆయన చదువు మానలేదు, బడి మాత్రమే మానారు. పైగా ఎదురుగా ఒక హేల్, ఒక నికల్సన్ ఉన్నారు. అలాంటివాళ్లు తారసపడని పిల్లలకు సర్టిఫికెట్టు ఒక్కటే తలుపు తెరుస్తుంది.

సర్టిఫికెట్టు లేకపోతే ఏమవుతుందో ఆయన జీవితంలోనే ఒక సంఘటన ఉంది. 1920 ప్రాంతంలో షేప్లీ ఆయనకు ఆండ్రోమెడా నెబ్యులా ప్లేట్లు ఇచ్చి పరిశీలించమన్నారు. వెలుగు మారే నక్షత్రాలు కొన్ని అందులో ఉన్నాయని అనుమానించి హ్యూమసన్ ప్లేటుపై సిరాతో గుర్తులు పెట్టి చూపారు. అవి నిజంగా ఆ రకం నక్షత్రాలైతే ఆండ్రోమెడా మన పాలపుంతకు బయట ఉన్నట్టే. షేప్లీ అది నమ్మేవారు కాదు. ఎందుకు సాధ్యం కాదో వివరించి, జేబురుమాలుతో ఆ గుర్తులు తుడిచేశారట. ఇది హ్యూమసన్ తరువాతి కాలంలో చెప్పిన సంగతి. 1923లో హబుల్ అదే ఆండ్రోమెడాలో అలాంటి నక్షత్రాన్నే కనుగొని ప్రపంచప్రసిద్ధులయ్యారు. అప్పుడు హ్యూమసన్ మనసులో ఏముందో గాని, కొన్నేళ్లకు ఆ హబుల్‌తోనే కలిసి పనికి దిగారు.

ఆ పని ఎంత కష్టమో కొంచెం చెప్పాలి. ఒక గెలాక్సీ మన నుంచి దూరంగా వెళుతుంటే దాని వర్ణపటంలోని గీతలు ఎరుపు రంగు వైపు జరుగుతాయి. ఎంత జరిగాయో కొలిస్తే వేగం తెలుస్తుంది. లోవెల్ వేధశాలలో వెస్టో స్లైఫర్ ఇలాంటి కొలతలు ముందే మొదలుపెట్టారు. దూరపు గెలాక్సీల వెలుగు మాత్రం ఎంతో మసక. ఆ కొద్దిపాటి వెలుగును పట్టకంలో చీల్చి ప్లేటు మీద పడేయాలంటే ఒక్క రాత్రి చాలదు. తెల్లవారగానే ప్లేటు మూసి, మరుసటి రాత్రి మళ్లీ అదే గెలాక్సీ వైపు తెరవాలి. వేడిగాలికి బొమ్మ చెదురుతుంది కనుక ఎంత చలిలోనైనా గుమ్మటంలో కుంపటి పెట్టకూడదు. టెలిస్కోపు గురి కొంచెం తప్పినా సరిచేస్తూ గంటల తరబడి కళ్లు అప్పగించి కూర్చోవాలి.

ఎన్‌జీసీ 7619 అనే గెలాక్సీ కోసం ఆయన ఒక ప్లేటును 33 గంటలు, ఇంకొక దాన్ని 45 గంటలు తెరిచి ఉంచారు. వేగం సెకనుకు సుమారు 3,800 కిలోమీటర్లని తేలింది. అప్పటిదాకా కొలిచిన వేగాలకు అది రెండింతలు దాటింది. 1929లో ఆ వ్యాసం హబుల్ వ్యాసంతో పాటు ఒకే సంచికలో వెలువడింది. దూరాలు హబుల్ లెక్కించారు, కొత్త వేగాలు హ్యూమసన్ కొలిచారు. గెలాక్సీ ఎంత దూరమైతే అంత వేగంగా వెళుతోందన్న సూత్రం ఈ రెండూ కలిస్తేనే నిలబడింది. 1936 నాటికి ఆయన సెకనుకు 40,000 కిలోమీటర్ల దాకా కొలిచారు. 100 అంగుళాల టెలిస్కోపు శక్తి అక్కడితో అయిపోయింది. తరువాత పాలోమార్ కొండ మీది 200 అంగుళాల టెలిస్కోపుతో 60,000 దాటారు. 1956లో మేయల్, సాండేజ్‌లతో కలిసి ప్రచురించిన పెద్ద వ్యాసంలో పాలోమార్, మౌంట్ విల్సన్‌ల నుంచి చూసిన గెలాక్సీలు 620.

ఇంతలో లాస్ ఏంజెలెస్ నగరపు దీపాలు పెరిగి మౌంట్ విల్సన్ ఆకాశం వెలవెలబోయింది. అయినా 1960లలో పరారుణ కాంతిలో ఆకాశాన్ని తొలిసారి విస్తృతంగా సర్వే చేసింది ఆ కొండ మీదే. గాలిలోని నీటిఆవిరి పరారుణ కాంతిని మింగేస్తుంది కాబట్టి పెద్ద టెలిస్కోపులు ఇంకా ఎత్తైన, పొడి కొండలను వెతుక్కున్నాయి. హవాయి దీవుల్లో 4,200 మీటర్ల ఎత్తున్న మౌనా కియా మీది 10 మీటర్ల కెక్ టెలిస్కోపులు అలాంటివే.

1950లో స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయం హ్యూమసన్‌కు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఎనిమిదో తరగతి తరువాత ఆయన అందుకున్న డిగ్రీ అదే. 1957లో పదవీ విరమణ చేశారు. అయినా ప్లేట్లు చూడటం మానలేదు. 1961లో పాలోమార్ ప్లేట్ల మీద ఒక పెద్ద తోకచుక్కను పట్టుకున్నారు. దానికి ఆయన పేరే పెట్టారు. 1972 జూన్ 18న కాలిఫోర్నియాలోని మెండొసినో దగ్గర, 80వ ఏట కన్నుమూశారు.