గూట్లో మిగిలిపోయిన మాత్ర

కోరుట్లలో మా చిన్నమ్మ బీడీలు చేస్తుంది. ఒక ఏడు బోదకాలు మాత్రలు పంచడానికి ఆశా కార్యకర్త వస్తే, అన్నం తిన్నాక వేసుకుంటానని చెప్పి తీసుకుని గూట్లో పెట్టేసింది. మర్నాడు నేను జగిత్యాల నుంచి వెళ్లేసరికి అవి అక్కడే ఉన్నాయి. వేసుకుంటే కళ్లు తిరుగుతాయట, ఆ పూట బీడీలు పోతాయట. జబ్బే లేని కాలికి మందెందుకని ఆమె వాదన. అప్పుడు ఆ మాత్ర వెనకున్న మనిషి కథ చెప్పాను. మీకూ చెబుతాను.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. చదువు మీద మనసు నిలిచేది కాదు. తండ్రి పోయాక తల్లి వెంకమ్మ నగలమ్మి మరీ చదివించిందంటారు. మెట్రిక్ గట్టెక్కడానికి మూడుసార్లు రాయాల్సి వచ్చింది. మద్రాసులో వైద్యం చదివేటప్పుడు గాంధీజీ పిలుపు విని ఖద్దరు కట్టాడు. అది గిట్టని సర్జరీ ప్రొఫెసరు వల్ల ఎం.బి.బి.ఎస్. దక్కలేదు, దానికన్నా చిన్నదైన ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకున్నాడు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఇద్దరు అన్నదమ్ముల్ని కొద్ది రోజుల తేడాతో మింగేసింది. జబ్బుల అంతు చూడాలన్న పట్టుదల ఆయనకు ఇంట్లోంచే వచ్చింది.

1919లో శేషగిరితో పెళ్లయింది. మామగారి సాయంతో 1922లో అమెరికా వెళ్లాడు. హార్వర్డులో చదువుతూ, ఖర్చులకోసం రాత్రిళ్లు ఆస్పత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగాడు. డాక్టరు చదువు చదివినవాడు ఆ పని చేయడమంటే మాటలా! సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో భాస్వరం కొలిచే పద్ధతి కనిపెట్టాడు. మన కండరాలకు శక్తినిచ్చే పదార్థాల గుట్టు విప్పాడు. 1930లో పిహెచ్.డి. వచ్చింది, కానీ శాశ్వత ఉద్యోగం మాత్రం ఆ విశ్వవిద్యాలయం ఇవ్వలేదు.

1940లో లెడర్లీ మందుల కంపెనీకి మారాడు. ఇక అక్కడ ఆయన బృందం చేసిన పని చూడండి. 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేశారు. గర్భిణులకు ఐరన్‌తో కలిపి ఇచ్చే మాత్రలో ఉండేది అదే. 1947లో హెట్రజాన్ వచ్చింది. చిన్నమ్మ గూట్లో ఉన్న డి.ఇ.సి. మాత్ర అదే. ఆయన విభాగంలోని డుగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసిన ఆరియోమైసిన్ 1948లో బయటికొచ్చింది. పెన్సిలిన్‌కు లొంగని ఎన్నో క్రిములు దానికి లొంగాయి. టెట్రాసైక్లిన్ మందుల్లో మొదటిది అదే. 1994లో సూరత్‌లో ప్లేగు వచ్చినప్పుడు జనం వెతుక్కున్నది ఆ జాతి మందునే.

ఆ 1948 ఆగస్టులోనే, 53 ఏళ్లకు, సుబ్బారావు న్యూయార్కులో నిద్రలోనే కన్నుమూశాడు. వెళ్లినవాడు మళ్లీ రాలేదు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు, తండ్రి వాణ్ణి చూడనేలేదు. లోకానికి ఇన్ని మందులిచ్చిన మనిషి కథలో శేషగిరమ్మకు మిగిలింది ఎదురుచూపే. ఆయన్ని గొప్పవాడనేటప్పుడు ఈ మాట దాచడం నాకు ఇష్టం లేదు.

మా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు బోదకాలు కొత్తది కాదు. మురుగు నీటిలో పెరిగే దోమ కుట్టి పురుగును ఒంట్లోకి దింపుతుంది. కాలు వాచడానికి ఏళ్లు పడుతుంది. అందుకే ఏమీ లేనప్పుడే మాత్ర వేసుకోవాలి. రక్తంలోని పురుగు పిల్లల్ని అది చంపుతుంది కానీ బాగా ముదిరిన వాపును తీసేయలేదు. గర్భిణులకు, రెండేళ్లలోపు పిల్లలకు, బాగా జబ్బుగా ఉన్నవాళ్లకు ఇవ్వకూడదు.

వాచిన కాలు ఉన్నవాళ్లు రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందులు తడి లేకుండా తుడుచుకోవాలి. చిన్న పగులు చాలు, క్రిములు లోపలికి పోవడానికి. కాలు ఎర్రబడి చలిజ్వరం వస్తే పసర్లు పూసి కూర్చోవద్దు. విషం రక్తానికెక్కితే, డాక్టర్లు సెప్సిస్ అనేది అదే, ప్రాణం మీదికొస్తుంది. సిరిసిల్లలో సాంచెల దగ్గర పొద్దంతా నిలబడేవాళ్లు, చాట ముందు కాళ్లు ముడుచుకుని బీడీలు చుట్టేవాళ్లు కాలి నొప్పిని లెక్కచేయరు. లెక్కచేయాలి.

కథంతా విని చిన్నమ్మ ముందు శేషగిరమ్మ గురించే అడిగింది, ఎన్నేళ్లు చూసిందో పాపం అని. తర్వాత ఆశా కార్యకర్తను తనే పిలిపించి, అన్నం తిని, ఆమె ఎదుటే మాత్రలు మింగింది. ఆ పూట బీడీలేమీ తగ్గలేదు.