గోల్‌కీపరు పీటర్ తంగరాజ్

ఫుట్‌బాల్ ఆట మీరు చూసే ఉంటారు. ఊరి మైదానంలో కాకపోతే టీవీలోనైనా చూసి ఉంటారు. ఆట సాగుతున్నంతసేపు మన చూపు బంతి వెంటే పరుగెడుతుంది. బంతికి దూరంగా, రెండు కర్రల మధ్య ఒక మనిషి ఒంటరిగా నిలబడి ఉంటాడు. అతన్ని మనం పట్టించుకోం. బంతి అతని మీదికి వచ్చినప్పుడే మనకు గుర్తుకు వస్తాడు. బంతిని ఆపితే అది అతని పనే కదా అనుకుంటాం. వదిలేస్తే మాత్రం ఆట పోయింది వాడి వల్లే అంటాం. ఆ మనిషే గోల్‌కీపరు.

హైదరాబాదులో పుట్టి, సుమారు పదిహేనేళ్ళ పాటు ఆ రెండు కర్రల మధ్య నిలబడి, ఆసియా ఖండంలోనే మేటి అనిపించుకున్న పీటర్ తంగరాజ్ జీవితాన్ని ఈ పాఠంలో చదువుతారు.

తంగరాజ్ 1935వ సంవత్సరం డిసెంబరు 24న హైదరాబాదులో జన్మించారు. అప్పటికి హైదరాబాదు నిజాం సంస్థానం. ఆయన యువకుడయ్యేనాటికి సంస్థానం భారతదేశంలో కలిసింది. ఆ రోజుల్లో హైదరాబాదు, సికిందరాబాదు జంటనగరాలలో ఫుట్‌బాల్‌కు ఎంత ఆదరణ ఉండేదో ఈనాటి వారికి చెబితే నమ్మరు. సయ్యద్ అబ్దుల్ రహీం అనే ఉపాధ్యాయుడు హైదరాబాదు నగర పోలీసు జట్టుకు శిక్షణ ఇచ్చేవారు. ఆ జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు గెలిచింది. ఆ జట్టు ఆటగాళ్ళు పోలీసు శాఖ ఉద్యోగులే. ఈ రహీం గారిని గుర్తుంచుకోండి. పాఠంలో ఆయన మళ్ళీ వస్తారు.

1953లో తంగరాజ్ మార్నింగ్ స్టార్ క్లబ్బు, ఫ్రెండ్స్ యూనియన్ క్లబ్బు అనే స్థానిక జట్లకు ఆడారు. తర్వాత సైన్యంలో చేరారు. నీలగిరి కొండల్లో కూనూరు పక్కన వెల్లింగ్టన్ అనే చోట మద్రాసు రెజిమెంటు శిక్షణ కేంద్రం ఉంది. ఆ కేంద్రం జట్టులో ఆయనకు స్థానం దొరికింది.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. ఆటనే వృత్తిగా చేసుకుని బతకడం ఆనాడు మన దేశంలో వీలయ్యేది కాదు. ఈనాటి ఆటగాళ్ళలాగా జట్టుతో ఒప్పందం మీద సంతకం చేసి జీతం తీసుకునే పద్ధతి లేదు. ఫుట్‌బాల్ బాగా ఆడే కుర్రవాడికి సైన్యమో, పోలీసు శాఖో, రైల్వేనో ఉద్యోగం ఇచ్చేది. నెల జీతం అక్కడి నుంచి వచ్చేది, ఆట అక్కడ సాగేది. పేదింటి పిల్లవాడికి బంతి ఒక ఉద్యోగానికి దారి. పైగా ఆటకు డబ్బు తీసుకునేవారిని ఒలింపిక్ క్రీడల్లోకి ఆ కాలంలో రానిచ్చేవారు కారు. తంగరాజ్ జీవితాన్ని ఈ నేపథ్యంలో చూడాలి.

సైనిక జట్టులో ఆయన మొదట గోల్‌కీపరు కాదు. సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడేవారు. అంటే ముందు వరుసలో మధ్యన ఉండి గోల్స్ కొట్టే ఆటగాడన్నమాట. ప్రేక్షకుల చప్పట్లన్నీ ఆ చోటికే వస్తాయి. అటువంటి చోటు వదిలి మైదానం చివరికి వెళ్ళి, గోలు ముందు నిలబడవలసి వచ్చింది. ఆరడుగులు దాటిన ఎత్తు, పొడవైన చేతులు ఉన్న మనిషి ఆ చోటికి తగినవాడే. కానీ ఎత్తు ఒక్కటే ఉంటే గోల్‌కీపరు కాలేరు. అప్పటిదాకా కాళ్ళతో నేర్చుకున్న ఆట పక్కన పెట్టి, చేతులతో ఆడే ఆట మొదటి నుంచి నేర్చుకోవాలి. ఇరవై ఏళ్ళు నిండకుండానే ఆయన ఆ పని చేశారు. ఒక పనిలో కుదురుకున్న తరువాత మరో పని మొదటి నుంచి నేర్చుకోవడం ఎలా ఉంటుందో మీలో చాలామందికి వేరే చెప్పనక్కరలేదు.

గోల్‌కీపరు పని ఏమిటో కొంచెం వివరంగా చూద్దాం. గోలు వెడల్పు 24 అడుగులు, ఎత్తు 8 అడుగులు. చేతులు రెండూ బారచాపినా మనిషి కప్పగలిగేది ఆరేడు అడుగులే. మిగిలినదంతా ఖాళీ. మరి అంత ఖాళీని ఒక్కడు ఎలా కాపాడతాడు?

రాత్రిపూట ఒక చిన్న ప్రయోగం చేయండి. టార్చిలైటు వెలిగించి గోడ మీదికి వేయండి. గోడకు దగ్గరగా మీ అరచేయి పెట్టండి. నీడ చెయ్యంతే పడుతుంది. ఇప్పుడు చేతిని నెమ్మదిగా టార్చి వైపు జరపండి. నీడ పెద్దదవుతూ పోయి గోడను కమ్మేస్తుంది. టార్చి ఉన్న చోట బంతిని, గోడ ఉన్న చోట గోలును ఊహించుకోండి. చేయి గోల్‌కీపరు. అతను గోలు గీత మీదే నిలబడిపోతే కొద్ది భాగాన్నే కప్పుతాడు. బంతి ఉన్న ఆటగాడి వైపు ముందుకు వస్తే, కొట్టేవాడికి గోలు చిన్నదైపోతుంది. అయితే ఎక్కువ ముందుకు వస్తే బంతి తల మీదుగా పోయి గోలులో పడుతుంది. ఎప్పుడు కదలాలి, ఎంత కదలాలి అన్నది రెప్పపాటులో తేల్చుకోవాలి. మంచి గోల్‌కీపరుకు దూకవలసిన అవసరం తక్కువగా వస్తుందని తెలిసినవారు అంటారు. ముందే సరైన చోట నిలబడి ఉంటాడు కనుక.

ఆ కాలంలో ఈ పని ఇంకా కష్టం. బంతిని గట్టిగా పట్టుకోవడానికి పనికివచ్చే ఈనాటి మెత్తటి చేతితొడుగులు అప్పుడు లేవు. తోలుబంతి వానకు తడిస్తే బరువెక్కేది. ఆ బంతినే వట్టి చేతులతో పట్టాలి. తంగరాజ్‌కు మరో బలం కూడా ఉండేది. పట్టిన బంతిని చాలా దూరం విసరగలరు, తన్నగలరు. ముందు వరుసలో ఆడిన అనుభవం అక్కడ పనికివచ్చింది.

ఇప్పుడు ఢిల్లీకి రండి. మన దేశంలో అన్నిటికన్నా పాత ఫుట్‌బాల్ పోటీ డ్యూరాండ్ కప్పు. 1888లో బ్రిటిష్ ప్రభుత్వ అధికారి మార్టిమర్ డ్యూరాండ్ పేరుతో సిమ్లాలో మొదలైంది. మొదట్లో అది బ్రిటిష్ సైనిక దళాల వినోదం. 1940లో పోటీలు ఢిల్లీకి మారాయి. ఆ ఏడాదే కలకత్తాకు చెందిన మహమ్మడన్ స్పోర్టింగ్ కప్పు గెలిచి, ఆ ఘనత సాధించిన తొలి భారతీయ జట్టు అయింది. ఆ తరువాత చాలా దశాబ్దాలు చలికాలం వచ్చిందంటే దేశం నలుమూలల నుంచి జట్లు ఢిల్లీకి చేరేవి. 2019 నుంచి ఈ పోటీలు కలకత్తాకు తరలిపోయాయి.

1954లో డ్యూరాండ్ కప్పు హైదరాబాదు పోలీసులది. 1955లో తంగరాజ్ ఆడిన మద్రాసు రెజిమెంటు జట్టుది. 1957లో మళ్ళీ హైదరాబాదు పోలీసులది. 1958లో మళ్ళీ మద్రాసు రెజిమెంటుది. అంటే ఈ ఐదేళ్ళలో నాలుగుసార్లు ఢిల్లీ నుంచి కప్పు దక్షిణాదికే వెళ్ళింది. కలకత్తా పెద్ద క్లబ్బుల పేర్లే వినే అలవాటున్నవారు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి. 1958లోనే తంగరాజ్ ఆసియాలో ఉత్తమ గోల్‌కీపరుగా ఎంపికయ్యారు. 1960లో ఆయన నాయకత్వంలో సర్వీసెస్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలుచుకుంది.

ఈలోగా ఆయన రెండు ఒలింపిక్ జట్లలో సభ్యుడయ్యారు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయింది. మన ఆటగాళ్ళలో చాలామంది చలిలో వట్టి కాళ్ళతో ఆడారు. ఆ తరువాతే మన దేశంలో బూట్లు తప్పనిసరి చేశారు. నాలుగేళ్ళకు 1956లో మెల్‌బోర్న్‌లో రహీం శిక్షణలో వెళ్ళిన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. అక్కడ మళ్ళీ అదే యుగోస్లావియా చేతిలో 4-1తో ఓడింది. చివరకు నాలుగో స్థానం దక్కింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మనకు దక్కిన అతి పెద్ద స్థానం అదే. 1960 రోమ్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన జట్టులోనూ తంగరాజ్ ఉన్నారు. ఆ జట్టు ఫ్రాన్స్‌తో 1-1గా సమానంగా నిలిచింది, హంగరీ చేతిలో 2-1తో, పెరూ చేతిలో 3-1తో ఓడింది.

ఇక ఆయన జీవితంలో అన్నిటికన్నా ముఖ్యమైన రోజు గురించి. అది 1962 సెప్టెంబరు 4. ఊరు ఇండోనేషియా రాజధాని జకార్తా. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్.

ఆ పోటీలలో మొదటి మ్యాచ్‌లోనే మన జట్టు దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయింది. తరువాత థాయిలాండును 4-1తో, జపానును 2-0తో గెలిచింది. సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాంను 3-2తో దాటింది. తంగరాజ్ ఫ్లూ జ్వరంతో పడిపోయి మ్యాచ్‌లకు దూరమయ్యారు. ఆయన లేనప్పుడు ప్రద్యుత్ బర్మన్ అనే బెంగాలీ యువకుడు గోలు కాపాడారు. జట్టు గెలుస్తూ వచ్చింది. ఫైనల్‌లో ఎదురైనది మొదటి మ్యాచ్‌లో ఓడించిన దక్షిణ కొరియాయే.

ఇక్కడ ఒక నిమిషం ఆగి ఆలోచించండి. మీరే శిక్షకుడైతే ఏం చేస్తారు? గెలుస్తున్న జట్టును కదిలిస్తారా? జ్వరం నుంచి అప్పుడే లేచిన మనిషిని ఫైనల్‌లో నిలబెడతారా?

రహీం తంగరాజ్‌ను నిలబెట్టారు. రక్షణ వరుసలో ఆడే జర్నైల్ సింగ్‌కు థాయిలాండు మ్యాచ్‌లో తలకు గాయమై కుట్లు పడ్డాయి. అలాంటివాడిని రహీం ముందు వరుసకు పంపి గోల్స్ కొట్టే పని అప్పగించారు. రెండూ సాహసాలే. ఆ రోజుకు రహీం ఆరోగ్యం కూడా బాగా దెబ్బతింది. క్యాన్సర్‌తో బాధపడుతూ మరుసటి ఏడాది జూన్‌లో ఆయన కన్నుమూశారు. తంగరాజ్ ఎంపికకు నాకు తోచే కారణం ఇది: రెండు ఒలింపిక్స్ చూసిన మనిషి. ఎంత గోల చెవిన పడినా చెదరకుండా నిలబడగలడు.

ఆ రోజు అలాంటి మనిషే కావాలి. ఎందుకంటే మైదానం మన జట్టు మీద మండిపడుతోంది. ఇజ్రాయిల్, తైవాన్ క్రీడాకారులకు ఇండోనేషియా ప్రభుత్వం వీసాలు ఇవ్వలేదు. ఆసియా క్రీడలకు పునాది వేసినవారిలో ఒకరైన మన దేశపు గురుదత్ సోంధి దాన్ని తప్పుపట్టారు. ఆ రెండు దేశాలు లేనప్పుడు వీటిని ఆసియా క్రీడలని పిలవరాదని ఆయన వాదించారు. దాంతో జకార్తాలో జనం ఆగ్రహించి మన రాయబార కార్యాలయం మీద కూడా దాడి చేశారు. ఫైనల్ రోజున సుమారు లక్షమంది ప్రేక్షకులు మన జట్టుకు వ్యతిరేకంగా అరుస్తున్నారు. ఆ హోరులో మనవారికి మద్దతు పలికినవారిలో పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళు ఉన్నారు.

17వ నిమిషంలో పి.కె. బెనర్జీ గోలు కొట్టారు. 20వ నిమిషంలో తలకు కుట్లున్న జర్నైల్ సింగ్ రెండో గోలు కొట్టారు. అక్కడి నుంచి గంటకు పైగా కొరియా దాడి, మన రక్షణ. 85వ నిమిషంలో కొరియా ఒక గోలు చేసింది. ఇంకొకటి పడితే ఆట మళ్ళీ మొదటికి వస్తుంది. మిగిలిన ఆ ఐదు నిమిషాల్లో తంగరాజ్ వెనుక వలలో బంతి మళ్ళీ పడలేదు. 2-1తో స్వర్ణ పతకం మనదైంది.

అంతకు ముందు 1951లో ఢిల్లీలో జరిగిన మొట్టమొదటి ఆసియా క్రీడల్లో రహీం జట్టే ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం తెచ్చింది. పురుషుల ఫుట్‌బాల్‌లో మనకు ఆసియా క్రీడల స్వర్ణాలు ఈ రెండే. 1970లో బ్యాంకాక్‌లో కాంస్యం వచ్చింది. ఆ తరువాత 2023లో జరిగిన హాంగ్‌ఝౌ క్రీడల వరకు ఏ పతకమూ రాలేదు. 1962 నాటి కథతో 2024లో మైదాన్ అనే హిందీ సినిమా వచ్చింది. సినిమా చూసినవారు అందులో కల్పన కూడా ఉంటుందని గుర్తుంచుకోవాలి.

సైన్యం వదిలాక తంగరాజ్ కలకత్తా వెళ్ళారు. మహమ్మడన్ స్పోర్టింగ్, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మూడింటికీ ఆడారు. కలకత్తాలో ఈ మూడు క్లబ్బుల అభిమానులు ఒకరికొకరు పడరు. ఒక క్లబ్బు వదిలి మరో క్లబ్బుకు వెళ్ళిన ఆటగాడిని అంత తేలిగ్గా క్షమించరు కూడా. 1967లో భారత ప్రభుత్వం ఆయనకు అర్జున అవార్డు ఇచ్చింది. 1971లో ఆట విరమించారు.

తరువాత శిక్షకుడయ్యారు. బొకారో ఉక్కు నగరంలో స్థిరపడి అక్కడి పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పారు. ఆయన వెళ్ళిన నాటికి బొకారో బీహారులో ఉండేది, 2000లో జార్ఖండ్‌లోకి వచ్చింది. పుట్టిన హైదరాబాదుకు, పేరు తెచ్చిన కలకత్తాకు దూరంగా ఉన్న ఆ ఊళ్ళోనే 2008 నవంబరు 24న గుండెపోటుతో మరణించారు. ఆయనకు డెబ్బై మూడేళ్ళు నిండడానికి అప్పటికి సరిగ్గా నెల రోజులు ఉంది.