రాజ్యాల నాడి పట్టిన ఖాజీ: ఇబ్ను ఖల్దూన్

రాజ్యాలు ఎలా నిలబడతాయి, ఎందుకు కూలిపోతాయి? ఈ ప్రశ్నకు జీవితాన్ని ధారపోసిన అల్లామా ఇబ్ను ఖల్దూన్ (రహ్మలై) గురించి ఈ నెల తెలుసుకుందాం.

ఆయన హిజ్రీ 732 (క్రీ.శ. 1332)లో ట్యూనిస్ నగరంలో జన్మించారు. ఖుర్ఆన్ కంఠస్థం చేశారు, మాలికీ ధర్మశాస్త్రం అభ్యసించారు. 1348-49లో ప్లేగు వ్యాధి ఆయన తల్లిదండ్రులనూ, అనేకమంది గురువులనూ బలి తీసుకుంది. తర్వాత ఫాస్, గ్రెనడా, బిజాయా దర్బారుల్లో పనిచేశారు. పదవులు అనుభవించారు, పక్షాలు మారారు. సుల్తాను అనుమానానికి గురై దాదాపు 21 నెలలు చెరసాలలో మగ్గారు. అధికారం తీపినీ చేదునూ రెండింటినీ చవిచూశారు.

చివరికి విసిగిపోయి, 1375లో నేటి అల్జీరియాలోని ఖల్అతు ఇబ్ను సలామా కోటకు వెళ్ళిపోయారు. ప్రసిద్ధమైన ‘ముఖద్దిమా’ను 1377లో అక్కడే ఐదు నెలల్లో రచించారు.

రాజ్యానికి పునాది ‘అసబియ్యత్’ అని ఆయన సిద్ధాంతం. అంటే ఒకరి కోసం ఒకరు నిలబడే ఐకమత్యం. అజ్ఞాన కాలపు వంశ దురహంకారాన్ని షరీఅత్ ఖండించిందనీ, సత్యం కోసం కలిసి నిలవడాన్ని ఖండించలేదనీ ఆయన స్పష్టం చేశారు. మొదటి తరం కష్టపడి రాజ్యం నిర్మిస్తుంది. రెండో తరం సుఖాలకు అలవాటు పడుతుంది. మూడో తరం కష్టాన్నే మరచిపోతుంది. అలా సుమారు 120 ఏళ్ళలో వంశం బలహీనపడుతుంది. విలాసాల ఖర్చు కోసం పన్నులు పెంచుతారు. ప్రజలు నిరాశతో సాగునూ, వ్యాపారాన్నీ తగ్గించుకుంటారు. దాంతో పన్ను పెరిగినా ఖజానా మాత్రం తరిగిపోతుంది.

దౌర్జన్యమంటే సొమ్ము లాక్కోవడం మాత్రమే కాదని ఆయన వివరించారు. వెట్టిచాకిరి చేయించడం ఘోరమైన దౌర్జన్యాల్లో ఒకటి. ఎందుకంటే శ్రామికునికి శ్రమే ఆస్తి.

1384లో కైరోలో మాలికీ ఖాజీ అయ్యారు. పెద్దల సిఫారసులను లెక్కచేయలేదు, శత్రువులను తెచ్చుకున్నారు. ఆ రోజుల్లోనే ఆయన కుటుంబం వస్తున్న ఓడ సముద్రంలో మునిగిపోయింది. పదవి కూడా పోయింది. అయినా మొత్తం ఆరుసార్లు ఆ పీఠం ఎక్కి, 1406లో ఖాజీగా ఉండగానే కన్నుమూశారు.

మనకు రాజ్యాలు లేకపోవచ్చు. కాని ఇళ్ళున్నాయి, దుకాణాలున్నాయి, మన దగ్గర పనిచేసేవారున్నారు. కూలివాని కూలి ఆపిన చోట బర్కత్ నిలుస్తుందా? మనల్ని మనం ప్రశ్నించుకుందాం.