ఎలియట్ జోస్లిన్

ఎలియట్ ప్రాక్టర్ జోస్లిన్ (జూన్ 6, 1869 - జనవరి 28, 1962) అమెరికా దేశానికి చెందిన సుప్రసిద్ధ వైద్యుడు. ఆ దేశంలో మధుమేహ (చక్కెర వ్యాధి) చికిత్సకే వృత్తి జీవితాన్ని అంకితం చేసిన తొలి వైద్యునిగా ఆయనను పేర్కొంటారు. వ్యాధితో ఎలా జీవించాలో రోగికి నేర్పడమే అసలైన చికిత్స అని నమ్మి, ఆ బోధనలో నర్సులకు ప్రధాన స్థానం కల్పించాడు.

బాల్యము, విద్యాభ్యాసము

జోస్లిన్ మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఆక్స్‌ఫర్డ్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. తండ్రికి బూట్ల కర్మాగారం ఉండేది. 1890లో యేల్ కళాశాల నుండి పట్టభద్రుడైన తరువాత, 1895లో హార్వర్డ్ వైద్య కళాశాలలో వైద్య పట్టా పొందాడు. విద్యార్థిగా ఉన్నప్పుడే మధుమేహంపై వ్యాసం రాసి బహుమతి అందుకున్నాడు. 1898లో బోస్టన్ నగరంలో వైద్యవృత్తి ప్రారంభించాడు.

కొద్దికాలానికే ఆయన తల్లికి మధుమేహం ఉన్నట్లు తేలింది. ఆహార నియమాలతో ఆమెకు స్వయంగా చికిత్స చేశాడు. ఆమె దశాబ్దానికి పైగా జీవించింది. నియమబద్ధమైన జీవనంతో ఆయుష్షును పెంచవచ్చునన్న నమ్మకం ఆయనకు ఈ అనుభవం వలన బలపడింది. తన వద్దకు వచ్చిన ప్రతి మధుమేహ రోగి వివరాలను ఒక పెద్ద ఖాతా పుస్తకంలో నమోదు చేసేవాడు. ఈ వివరాల ఆధారంగానే 1916లో వేయిమంది రోగుల అనుభవంతో మధుమేహ చికిత్సపై ఉద్గ్రంథాన్ని వెలువరించాడు. 1918లో రోగులు, వైద్యులు ఇరువురికీ ఉపకరించే కరదీపికను ప్రచురించాడు.

ఇన్సులిన్‌కు పూర్వం

ఆ కాలంలో మధుమేహం సోకిన బాలలు సాధారణంగా ఒకటి రెండు సంవత్సరాలలోనే మరణించేవారు. ఫ్రెడరిక్ అలెన్ అనే వైద్యుడు ఆహారాన్ని అతి తక్కువకు తగ్గించే పద్ధతిని ప్రవేశపెట్టగా, జోస్లిన్ దానిని అనుసరించాడు. ఈ పద్ధతి వలన ఆయుష్షు కొంత పెరిగినప్పటికీ, రోగులు ఎముకల గూడులా చిక్కిపోయేవారు. వైద్యునికి, తల్లిదండ్రులకు ఇది ఎంతో బాధాకరమైన చికిత్స. అయినప్పటికీ అంతకంటే మంచి మార్గం అప్పట్లో లేదు.

1921లో కెనడాలోని టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్‌ను వెలికితీశారు. 1922 జనవరిలో దానిని మొదటిసారిగా రోగికి ఇచ్చారు. తొలి దశలో కొద్దిమంది వైద్యులకు మాత్రమే లభించిన ఈ మందును జోస్లిన్ 1922 ఆగష్టులో వాడనారంభించాడు. ఆయన వద్ద ఇన్సులిన్ పొందిన మొదటి రోగి ఒక నర్సు. అప్పటికి ఆమె నడవలేనంత బలహీనంగా ఉండేది. ఆ చికిత్సతో కోలుకుని, తరువాత 20 సంవత్సరాలకు పైగా జీవించింది.

నర్సుల సేవలు

ఇన్సులిన్ రాకతో మరొక సమస్య తలెత్తింది. మందు రోజూ సూదితో తీసుకోవాలి. మోతాదు ఎక్కువైతే రక్తంలో చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చు. తక్కువైతే వ్యాధి ముదురుతుంది. ఆహారాన్ని తూచడం, మూత్రంలో చక్కెరను పరీక్షించడం, సూది వేసుకోవడం, పాదాలను కాపాడుకోవడం వంటివి రోగి ఇంటివద్దే చేసుకోవాలి. ఆసుపత్రిలో వైద్యుడు చెప్పే నాలుగు మాటలతో ఇవన్నీ ఒంటబట్టవు.

అందువలన జోస్లిన్ ఈ విషయాలలో నర్సులకు ప్రత్యేక శిక్షణ ఇప్పించాడు. వారు ఆసుపత్రిలో రోగులకు పాఠాలు చెప్పేవారు. కొందరు సంచార నర్సులుగా రోగుల ఇళ్ళకు వెళ్ళి, మధుమేహం ఉన్న పిల్లల కుటుంబాలతో పాటు ఉండి, తల్లులకు వంటింటిలోనే ఆహార కొలతలు నేర్పేవారు. ఈనాటి మధుమేహ విద్యాబోధకులకు వీరే పూర్వగాములు. బాలల కోసం వేసవి శిబిరాలు కూడా వెలిశాయి. 1924లో ఆయన బృందంలో చేరిన వైద్యురాలు ప్రిసిల్లా వైట్ మధుమేహం ఉన్న బాలలు, గర్భవతుల చికిత్సలో విశేష కృషి చేసింది.

ఆహారం, ఇన్సులిన్, వ్యాయామం అనే మూడింటిని జోస్లిన్ ఒకే రథానికి పూన్చిన మూడు గుర్రాలతో పోల్చేవాడు. వ్యాధిని అదుపులో ఉంచుకుని దీర్ఘకాలం జీవించినవారికి పతకాలు ఇచ్చే సంప్రదాయాన్ని కూడా నెలకొల్పాడు.

ప్రజారోగ్య దృష్టి

తన స్వగ్రామంలో ఒకే వీధిలో పక్కపక్కనే ఉన్న మూడు ఇళ్ళలో, వరుసగా నివసించిన ఏడుగురు ఇంటి యజమానులలో ఆరుగురు మధుమేహంతో మరణించిన సంగతిని ఆయన 1921లో ఒక వ్యాసంలో ప్రస్తావించాడు. ఇదే మరణాలు అంటువ్యాధి వలన సంభవించి ఉంటే ప్రభుత్వం వెంటనే కదిలేదని వాదించాడు. తరువాత 1946-47లో అదే ఆక్స్‌ఫర్డ్ పట్టణంలో ప్రభుత్వ ఆరోగ్య శాఖ సర్వే జరిపినప్పుడు, వ్యాధి ఉన్నట్లు తెలిసినవారి సంఖ్యకు దాదాపు సమానంగా తెలియనివారు కూడా ఉన్నట్లు బయటపడింది.

వివాదము, నిరూపణ

రక్తంలో చక్కెరను సాధ్యమైనంతవరకు సాధారణ స్థాయిలో ఉంచితే కళ్ళు, మూత్రపిండాలు, నరాలు దెబ్బతినవని జోస్లిన్ దృఢంగా నమ్మాడు. ఇంత కఠిన నియమాలు అనవసరమని, రోగికి ఇబ్బంది లేకుంటే చాలునని ఇతర వైద్యులు పలువురు వాదించారు. ఈ వివాదం ఆయన జీవితకాలంలో తేలలేదు. 1,441 మందిపై అమెరికా, కెనడాలలో జరిగిన డీసీసీటీ పరిశోధన ఫలితాలు 1993లో వెలువడినప్పుడు, కట్టుదిట్టమైన చికిత్స వలన కంటి సమస్యలు తలెత్తే ప్రమాదం 76 శాతం తగ్గుతుందని తేలింది.

చివరి సంవత్సరాలు

జోస్లిన్ వృద్ధాప్యంలో కూడా రోగులను చూస్తూనే ఉండేవాడు. 1962 జనవరి 28న, 92 సంవత్సరాల వయసులో మరణించాడు. బోస్టన్ నగరంలోని జోస్లిన్ డయాబెటిస్ సెంటర్‌కు ఆయన పేరే పెట్టారు. మధుమేహంతో 50 సంవత్సరాలు జీవించినవారికి ఆ సంస్థ 1970 నుండి పతకాలు ఇస్తూ వచ్చింది. ఆయన వైద్యవృత్తి ఆరంభించిన నాటికి అటువంటి పతకాన్ని ఊహించడం కూడా సాధ్యమయ్యేది కాదు.